ఆట రిజిస్టరులో ఆడపిల్ల పేరు



ఈవేళ నేను మాట్లాడబోయేది ఆటల్లో ఆడపిల్లల గురించి. పతకాలు తెచ్చిన పిల్లల గురించి పత్రికలు రాస్తాయి, టీవీలు చూపిస్తాయి. నాకు దిగులంతా చక్కగా ఆడుతూ ఆడుతూ మధ్యలో మానేసే పిల్లల గురించి. వాళ్లెందుకు మానేస్తున్నారు? మానకుండా చూడాలంటే మనం చేయాల్సిందేమిటి? ఈ రెండు ప్రశ్నలే ఈనాటి నా ప్రసంగం.

మా మధిర వైపు ఏ హైస్కూలు గ్రౌండుకైనా ఆటల పీరియడ్‌లో వెళ్లి చూడండి. ఆరో తరగతి పిల్లలు ఆడామగా తేడా లేకుండా పరుగులు పెడుతుంటారు. ఖోఖో అయితే చాలాసార్లు ఆడపిల్లలదే పైచేయి. స్తంభం దగ్గర ఒంటికాలి మీద గిర్రున తిరిగి, చేతికి చిక్కకుండా జారిపోతారు. అదే గ్రౌండులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఎక్కడున్నారో వెతకండి. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని ఉంటారు. ఒళ్లో మగపిల్లల వాచీలు, పక్కన బ్యాగుల గుట్ట. మూడేళ్ల కిందట ఆ స్తంభాల మధ్య మెరుపులా తిరిగింది ఈ పిల్లలే. ఇప్పుడు బ్యాగులకు కాపలా.

ఆడటం లేదేంటమ్మా అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు చూసి మనం, వాళ్లకు ఆట మీద ఇష్టం పోయిందనుకుంటాం. ఇష్టం ఎక్కడికీ పోలేదండీ. ఆడే వీలు పోయింది.

ఈ మూడేళ్లలో ఏం జరిగిందో తల్లులందరికీ తెలుసు. పిల్ల పెద్దమనిషి అయింది. ఓణీల ఫంక్షన్ చేశారు. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు, బంధువులందరినీ పిలిచి భోజనాలు పెట్టారు. ఆ మర్నాటి నుంచి పిల్లకు గ్రౌండు దూరమైంది. ఎండకు నల్లబడతావంటుంది నాయనమ్మ. మగపిల్లల ముందు ఎగరడమేంటంటాడు బాబాయి. స్కూల్లో బాత్రూమ్‌కు నీళ్లు లేవు, బట్టలు మార్చుకునే గది లేదు. నెలసరి రోజుల్లో మరక కనపడుతుందేమోనన్న భయంతో పిల్ల తనంతట తానే అరుగెక్కి కూర్చుంటుంది. ఎవరూ మానేయమని గట్టిగా చెప్పరు. ఆడు అని కూడా ఎవరూ చెప్పరు.

ఇది మన మధిరకో, ఖమ్మం జిల్లాకో పరిమితమైన కథ కాదు. అమెరికాలో మహిళల క్రీడల కోసం పనిచేసే విమెన్స్ స్పోర్ట్స్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి ఒక మాట చెబుతూనే ఉంది. పద్నాలుగేళ్లు వచ్చేసరికి అక్కడ ఆటలు మానేసే ఆడపిల్లలు మగపిల్లలకు రెట్టింపు ఉంటున్నారని. అన్ని సౌకర్యాలున్న దేశంలోనే అలా ఉంటే, మన పల్లెల సంగతి వేరే చెప్పాలా?

అయినా ఆట మానకుండా నిలిచిన పిల్లలూ ఉన్నారు. మన ఖమ్మం జిల్లా ఉమ్మడిగా ఉన్ననాటి బిడ్డ, భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష పేరు ఇప్పుడు క్రికెట్ చూసేవాళ్లందరికీ తెలుసు. 2005 డిసెంబర్‌లో భద్రాచలంలో పుట్టింది. 2023లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ మొట్టమొదటిసారి జరిగితే, ఆ కప్పు గెలిచిన భారత జట్టులో త్రిష ఉంది. 2025లో మలేసియాలో రెండోసారి జరిగింది. అందులో త్రిష స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచింది. మొత్తం టోర్నీలో 309 పరుగులు, 7 వికెట్లు. ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ ఆమే.

ఆ వెలుగు వెనక ఒక తండ్రి ఉన్నాడు. రామిరెడ్డి గారు ఫిట్‌నెస్ ట్రైనర్. బిడ్డకు మంచి శిక్షణ కావాలంటే భద్రాచలంలో కుదరదని, ఉన్న జిమ్‌నూ కొంత భూమినీ అమ్ముకుని కుటుంబాన్ని సికింద్రాబాద్‌కు మార్చారు. ఆ తండ్రికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నమస్కరిస్తూనే అడుగుతున్నాను. అమ్ముకోవడానికి జిమ్ము, భూమి లేని ఇంట్లో పుట్టిన పిల్ల సంగతేంటి? కౌలు పొలం చేసే తండ్రి, మిరప కోతలకు పోయే తల్లి ఊరు వదిలి ఎక్కడికి పోతారు? ఒక్కో కుటుంబం చేసే త్యాగం మీద ఊరి ఆడపిల్లలందరి ఆట ఆధారపడకూడదు.

ఇంకో ఉదాహరణ చూడండి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం బిడ్డ మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ మన చర్ల మండలం పిల్లవాడే. పూర్ణ అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. వాళ్లు ఆస్తులు అమ్మలేదు, అమ్మడానికి లేవు కూడా. సాంఘిక సంక్షేమ గురుకులం ఆ బాధ్యత తీసుకుంది. భువనగిరి కోట రాళ్ల మీద శిక్షణ ఇప్పించింది, బూట్ల దగ్గర నుంచి తిండి దాకా చూసుకుంది. అంటే ఏర్పాటు గట్టిగా ఉంటే పేదింటి పిల్ల కూడా ఎవరెస్టు దాకా పోతుంది. ఏర్పాటు లేకపోతే వేపచెట్టు అరుగు దాకానే.

ఇప్పుడు మీరు ఎదురుచూడని ఒక ఆట గురించి చెబుతాను. గోల్ఫ్. మధిరలో గోల్ఫ్ మైదానం లేదు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన ఉంది, విశాఖపట్నంలో ఉంది. అది డబ్బున్నవాళ్ల ఆట అంటారు, నిజమే. అయినా ఆ ఆట గురించి మనం తెలుసుకోవాలి. ఆడవాళ్లకు తలుపులు మూసేయడంలో గోల్ఫ్ క్లబ్బులను మించినవి లేవు. ఆ తలుపులు ఎలా తెరుచుకున్నాయో, ఆట మానేస్తున్న ఆడపిల్లలను వాళ్లు ఎలా నిలబెట్టుకున్నారో చూస్తే మనకు పనికొచ్చే సంగతులు దొరుకుతాయి.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో రాయల్ అండ్ ఏన్షియంట్ గోల్ఫ్ క్లబ్ 1754లో పుట్టింది. ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకుందామని ఆ క్లబ్ ఓటు వేసింది 2014లో. 260 ఏళ్లు పట్టింది. అమెరికాలో పేరుమోసిన అగస్టా నేషనల్ క్లబ్ 2012 దాకా ఒక్క మహిళకు సభ్యత్వం ఇవ్వలేదు. స్కాట్లండ్‌లోనే మ్యూర్‌ఫీల్డ్ అనే క్లబ్ 2016లో ఓటింగ్ పెడితే మహిళలను చేర్చుకోవడానికి చాలినన్ని ఓట్లు రాలేదు. వద్దంటే మీ దగ్గర ఓపెన్ ఛాంపియన్‌షిప్ పెట్టం అని పోటీల నిర్వాహకులు తేల్చిచెప్పారు. మరుసటి ఏడాదే మళ్లీ ఓటింగ్ పెట్టుకుని సరే అన్నారు. శతాబ్దాల ఆచారం ఒక్క ఏడాదిలో మారింది. గట్టిగా అడిగేవాళ్లుంటే ఆచారాలు మారతాయి.

పెద్దవాళ్ల సంగతి అది. పిల్లల సంగతి మనకు ఇంకా ముఖ్యం. 1989లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో శాండీ లబావ్ అనే గోల్ఫ్ టీచర్ ఒక చిన్న పని మొదలుపెట్టారు. జూనియర్ శిక్షణకు వచ్చే పిల్లల్లో దాదాపు అందరూ మగపిల్లలే. వాళ్ల మధ్య ఒకరో ఇద్దరో ఆడపిల్లలు ఒంటరిగా నిలబడి, కొన్నాళ్లకు రావడం మానేస్తున్నారు. ఆమె ఆడపిల్లలకు విడిగా ఒక జట్టు పెట్టారు. మొదట పోటీలు లేవు, గెలుపోటములు లేవు. స్నేహితురాళ్లతో కలిసి నవ్వుతూ నేర్చుకోవడమే. ఆ తర్వాత దానిని అక్కడి మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం, జాతీయ గోల్ఫ్ సంఘం కలిసి నెత్తికెత్తుకున్నాయి. ఇప్పుడది వందల ఊళ్లలో నడుస్తోంది. 2000 సంవత్సరంలో అమెరికా జూనియర్ గోల్ఫర్లలో ఆడపిల్లలు నూటికి పదిహేను మంది. ఇప్పుడు మూడో వంతు దాటారు. పిల్లలు మారలేదు. పిల్లలను పిలిచే పద్ధతి మారింది.

మన దేశంలో అదితి అశోక్ ఉంది. బెంగళూరు అమ్మాయి. అయిదేళ్ల వయసులో గోల్ఫ్ మైదానం పక్కన అమ్మానాన్నలతో కలిసి టిఫిన్ చేస్తూ, లోపల ఆడుతున్నవాళ్లను చూసి నేనూ ఆడతానంది. ఆ అమ్మానాన్నలకు అప్పటికి గోల్ఫ్ తెలియదు. తెలియకపోయినా బిడ్డతో పాటు వెళ్లారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె గోల్ఫ్ బ్యాగు మోసింది నాన్న. టోక్యో ఒలింపిక్స్‌లో మోసింది అమ్మ. అక్కడ ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ వారం మన దేశంలో ఎంతోమంది తెల్లవారుజామున లేచి, మొదటిసారి గోల్ఫ్ చూశారు. తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. బిడ్డ ఆడుతుంటే అమ్మ పక్కన నడిచిన దృశ్యం ఉంది చూడండి, ఆ అమ్మను మన తల్లులందరూ గుర్తు పెట్టుకోవాలి.

గోల్ఫ్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇంకొకటి ఉంది. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. మైదానం మొత్తం చుట్టి రావడానికి మంచి ఆటగాడు 72 దెబ్బల్లో పూర్తి చేయాలనుకోండి. కొత్తగా నేర్చుకున్న పిల్ల 90 దెబ్బలు తీసుకుంటుంది. ఆమెకు సుమారు 18 దెబ్బల వెసులుబాటు ఇచ్చి, ఇద్దరినీ ఒకే ఆటలో నిలబెడతారు. అంటే బాగా వచ్చినవాళ్లూ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లూ కలిసి ఆడవచ్చు. ఎవరికీ చిన్నతనం ఉండదు. పిల్ల పోటీ పడేది తన పోయిన వారం స్కోరుతో.

మన స్కూళ్లలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. మండల పోటీలు వస్తున్నాయంటే పన్నెండు మందిని ఎంపిక చేస్తాం. మిగతా వందమందికి నువ్వు పనికిరావు అని చెప్పినట్టే. ఎంపికైన పన్నెండు మందిలో కూడా జిల్లా దాకా పోయినవాళ్లే మిగులుతారు. గెలిచినన్నాళ్లే ఆటలో ఉంటారు. మగపిల్లలకు ఫర్వాలేదు, జట్టులో చోటు దొరక్కపోయినా సాయంత్రం ఊరి చెరువు గట్టునో, రైల్వే స్టేషన్ పక్క ఖాళీ జాగాలోనో బ్యాటు పట్టుకుని ఆడుకుంటారు. ఆడపిల్లకు ఆ ఖాళీ జాగా లేదు. స్కూలు జట్టులో పేరు పోతే ఆమెకు ఆట మొత్తం పోయినట్టే. అందుకే నేను కోరేది ఒక్కటే. ఆడపిల్లకు ఆటలో సభ్యత్వం ఇవ్వండి. ఎంపికైనా కాకపోయినా, గెలిచినా ఓడినా ఆమె పేరు రిజిస్టరులో ఉండాలి.

సభ్యత్వం అంటే ఏమిటో మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మధిర మండలంలో పొదుపు సంఘం లేని ఊరుందా? పదిమందో పదిహేను మందో ఒక సంఘం. నెలనెలా పొదుపు, రిజిస్టరులో సంతకాలు, తీర్మానాల పుస్తకం, వంతులవారీగా లీడర్లు. ఒక నెల కట్టలేకపోతే పేరు కొట్టేయరు, ఇంటికి వెళ్లి ఏమైందక్కా అని అడుగుతారు. తొంభైల్లో మొదలైన ఆ సంఘాలతోనే గడప దాటని ఆడవాళ్లు బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నారు. ఆ తల్లుల బిడ్డలకు అదే పద్ధతిలో ఆటల సంఘం ఎందుకు ఉండకూడదు?

ఉండవచ్చు. ఎలా నడపాలో నాకు తోచిన మాటలు చెబుతాను.

మొదటిది, ఆడపిల్లలకు గ్రౌండులో తమదంటూ ఒక వేళ ఉండాలి. వారానికి మూడు సాయంత్రాలు, చీకటి పడకముందు ఒక గంట. ఆ గంటలో గ్రౌండు వాళ్లది. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. బోర్డు ఉండి గడ్డి పెరిగిన ప్రాంగణాలు మీ ఊళ్లో ఉంటే, ఆ గడ్డి కోయించి ఆడపిల్లల గంట అక్కడే మొదలుపెట్టండి.

రెండోది, గ్రౌండులో ఒక ఆడమనిషి ఉండాలి. పీఈటీ మేడమ్ అయితే మంచిదే. లేకపోతే డిగ్రీ చదువుతున్న, ఒకప్పుడు ఖోఖో ఆడిన అక్కయ్య అయినా సరే, సంఘం నుంచి ఇద్దరు తల్లులు వంతులవారీగా కూర్చున్నా సరే. కోచ్ ఎంత మంచివాడైనా, ఎంత పెద్ద పేరున్నవాడైనా, పిల్లతో ఒంటరిగా ఉండే పరిస్థితి రాకూడదు. శిక్షణ జరిగేచోటికి తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసే వీలుండాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు. 2023లో మన దేశపు పేరున్న మహిళా రెజ్లర్లు ఢిల్లీ వీధుల్లో కూర్చుని లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లకే అలా ఉంటే, ఊళ్లో పదమూడేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకునే మనిషి ఎవరో ముందే పిల్లలకు తెలియాలి.

మూడోది, బట్టలు, బాత్రూమ్. ఇవి చిన్న విషయాలు కావు. 2023లో ఇంగ్లండ్ మహిళా ఫుట్‌బాల్ జట్టు నెలసరి ఇబ్బంది వల్ల తెల్ల నిక్కర్లు వద్దని చెబితే, వాళ్లకు నీలం రంగువి ఇచ్చారు. అదే ఏడాది వింబుల్డన్ కూడా ఆడవాళ్ల కోసం తన తెలుపు నిబంధనను సడలించింది. అంతటి ఆటగాళ్లు బయటికి చెప్పిన మాట మన పిల్ల చెప్పలేకపోతోంది. ముదురు రంగు ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు ఇవ్వండి. బాత్రూమ్‌కు గడియ, బకెట్ నిండా నీళ్లు, అలమరలో ప్యాడ్లు పెట్టండి. అరుగు మీద కూర్చున్న పిల్లల్లో చాలామంది మర్నాడే గ్రౌండులోకి దిగుతారు.

నాలుగోది మన ప్రాంతానికే సంబంధించింది. సంక్రాంతి దాటితే మిరప కోతలు. పెద్దపిల్లలు అమ్మతో పాటు చేనుకు పోతారు, లేదా ఇంట్లో చంటిపిల్లలను చూసుకుంటూ ఉండిపోతారు. ఆ రెండు మూడు నెలలు పిల్ల గ్రౌండుకు రాకపోతే పేరు కొట్టేయకండి. కోతలు అయిపోగానే ఇంటికి మనిషిని పంపి పిలవండి. పరీక్షలప్పుడు కూడా అంతే. తిరిగి రావడానికి తలుపు తెరిచి ఉందని పిల్లకు తెలిస్తే తిరిగి వస్తుంది.

అయిదోది, పదో తరగతి తర్వాత. మన తెలుగునాట ఆటకు అసలు గండం ఇంటర్మీడియట్. పిల్లను తీసుకెళ్లి ఖమ్మంలోనో విజయవాడలోనో హాస్టల్ కాలేజీలో వేస్తాం. పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పదింటి దాకా చదువే. గ్రౌండే ఉండదు. చేర్చేటప్పుడు ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని అని అడుగుతాం కదా, ఆడుకోవడానికి జాగా ఉందా, రోజూ గంట వదులుతారా అని కూడా అడగండి. పదిమంది తండ్రులు అడిగితే మరుసటి ఏడాదికి కాలేజీవాళ్లే ప్రకటనల్లో వేసుకుంటారు. సెలవులకు ఊరికి వచ్చిన పిల్లకు ఆటల సంఘంలో పని ఇవ్వండి. చిన్నవాళ్లకు నేర్పడం, విజిల్ పట్టుకుని రిఫరీగా నిలబడటం, స్కోరు రాయడం. ఆడటం ఆపినవాళ్లు కూడా ఆటలో ఉండే మార్గం ఇదే. పన్నెండేళ్ల పిల్ల, విజిల్ పట్టుకున్న పద్దెనిమిదేళ్ల అక్కను చూస్తే తనూ అంతదాకా ఆడవచ్చని నమ్ముతుంది.

ఇంత చేస్తే ఏమొస్తుందని కొందరు అడుగుతారు. ప్రతి పిల్లా త్రిష అవుతుందా అంటారు. అవ్వక్కర్లేదండీ. మగపిల్లవాడు క్రికెట్ ఆడితే వీడు విరాట్ కోహ్లీ అవుతాడా అని ఎవరూ అడగరు. ఆడుకుంటున్నాడులే అంటారు. ఆడపిల్లకు కూడా ఆడుకునే హక్కు అంతే ఉంది. ఆడిన పిల్లకు ఒంట్లో బలం వస్తుంది, ఓడిపోయి మళ్లీ లేవడం వస్తుంది, నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం వస్తుంది. పదహారేళ్లకే పెళ్లి మాట తెచ్చే ఇంట్లో, వద్దు అని చెప్పే ధైర్యం వస్తుంది.

తల్లిదండ్రులకు నా మనవి. మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఎంత ఖర్చు పెడుతున్నారో పెట్టండి, అందులోనే ఒక జత స్పోర్ట్స్ బూట్లకు కూడా డబ్బు తీయండి. ఫంక్షన్ అయిన వారానికి మీరే చెయ్యి పట్టుకుని గ్రౌండుకు తీసుకెళ్లండి. ఉపాధ్యాయులకు నా మనవి. రేపటి ఆటల పీరియడ్‌లో అరుగు మీద ఎవరైనా కూర్చుని ఉంటే, వాళ్ల ఒళ్లోంచి ఆ వాచీలు తీసుకుని బంతి ఇవ్వండి. సంఘాల అక్కచెల్లెళ్లకు నా మనవి. వచ్చే నెల మీటింగులో అప్పులు, కిస్తీల లెక్కలు అయ్యాక ఒక తీర్మానం రాయండి. మా ఊళ్లో ఆడపిల్లల ఆటల సంఘం పెడుతున్నాం అని రాసి, అందరూ సంతకాలు చేయండి. ఒక కొత్త రిజిస్టరు కొని, మొదటి పేజీలో మీ ఊరి ఆడపిల్లల పేర్లన్నీ రాయండి. ఆ పేర్లలో ఒక్కటి కూడా కొట్టేయకుండా చూసుకునే బాధ్యత మనందరిదీ.